అత్తవారి మూలపురుషుడి కోసం వెతికితే వీలునామా దొరికింది

వర్జీనియాలో ఉంటున్న ఒక తెలుగు సోదరి రాసిన ఉత్తరం ఇది. పేర్లు బయటపెట్టవద్దని కోరారు కనుక ఇంటిపేర్లను, ఇంటి ఆనవాళ్ళను తీసివేసి విషయాన్ని మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె విజయవాడలో పుట్టి పెరిగారు. ఉద్యోగం కోసం అమెరికా వెళ్ళి, అక్కడ పరిచయమైన అమెరికన్ సహోద్యోగిని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. మామగారు పోయి కొన్నేళ్ళయింది. ఎనభైకి దగ్గరపడిన అత్తగారు ఆయన వంశగౌరవాన్ని ప్రాణప్రదంగా చూసుకుంటారు. ఆ ఇంటి ముందుగదిలో గోడకు పటం కట్టించిన వంశచిహ్నం, అద్దాల బీరువాలో 1912లో ఒక బంధువు అచ్చు వేయించిన వంశచరిత్ర ఉన్నాయి. ఆ పుస్తకం ప్రకారం మూలపురుషుడు ఇంగ్లండులో ఒక పెద్ద భూస్వామి చిన్న కొడుకు. 1638లో సొంత ఖర్చుతో ఓడెక్కి వర్జీనియా చేరి, తరువాతి కాలంలో గ్లోస్టర్ కౌంటీ అయిన ప్రాంతంలో భూములు సంపాదించాడు. అతని వంశంలో పదో తరంవాడు ఈ సోదరి భర్త.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జూలైతో 250 ఏళ్ళు నిండే సందర్భంగా బంధువులందరూ ఒకచోట కలవాలనుకున్నారు. అప్పుడు పంచడానికి ఒక చిన్న పుస్తకం తయారుచేసే పనిని అత్తగారు కోడలికే అప్పగించారు. కోడలు పాత పుస్తకాన్ని తిరిగి టైపు చేసి ఊరుకోకుండా, ప్రతి తరానికీ అసలు పత్రం ఏదని వెతకడం మొదలుపెట్టారు. దాంతో నాలుగు విషయాలు బయటపడ్డాయి.

మూలపురుషుడి పేరు 1638 నాటి ఒక భూమి పట్టాలో కనిపించింది గాని, పట్టా తీసుకున్నవాడిగా కాదు. మరొక భూస్వామి తన ఖర్చుతో తీసుకువచ్చానని చెప్పిన మనుషుల జాబితాలో. రెండోది, ఒక పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్‌లో మూడో తరం దంపతుల పెళ్ళి 1708 ఏప్రిల్‌లో జరిగినట్టు, వారి తొలి బిడ్డ 1708 ఫిబ్రవరిలో పుట్టినట్టు ఉంది. మూడోది, గ్లోస్టర్‌లోని మనిషే అక్కడినుంచి పడమరగా హాలిఫాక్స్ కౌంటీకి వెళ్ళి స్థిరపడ్డాడని పుస్తకం చెబుతున్నది గాని, దానికి పేరు కలవడం తప్ప మరో ఆధారం లేదు. ఆ రోజుల్లో గ్లోస్టర్‌లో ఆ పేరుతో ఇద్దరున్నారు. నాలుగోది, హాలిఫాక్స్‌లో దొరికిన 1797 నాటి వీలునామా. అందులో ఆ పెద్దమనిషి తన బానిసలను పేరుపేరునా కొడుకులకు, కూతుళ్ళకు పంచి ఇచ్చాడు.

ఇంతలో, భర్త ఏనాడో సరదాకు చేయించుకున్న డీఎన్ఏ పరీక్ష ద్వారా ఒక నల్లజాతి మహిళ సందేశం పంపారు. తనకూ ఆయనకూ 38 సెంటిమోర్గాన్ల (ఇద్దరిలో కలిసే డీఎన్ఏను కొలిచే ప్రమాణం) మేర డీఎన్ఏ కలుస్తున్నదని, తన ముత్తవ్వ తల్లి హాలిఫాక్స్‌లో ఈ ఇంటిపేరు వారి భూముల్లో పుట్టిందని పెద్దలు చెప్పేవారని, ఆమె పేరున్న కాగితం ఏదైనా మీ దగ్గర ఉందా అని అడిగారు. భర్త ఆ సందేశం చదివి, అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇది కదపవద్దన్నారు. అమెరికా స్వాతంత్ర్య విప్లవంలో సేవ చేసినవారి ఆడ వారసులు చేరే డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ సంస్థలో సభ్యత్వానికి దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్న ఆడపడుచు, బయటినుంచి వచ్చిన మనిషికి మా పూర్వీకుల సంగతి ఎందుకని అడిగింది. విజయవాడనుంచి కన్నతల్లి ఫోనులో, నదీమూలం, ఋషిమూలం అడగకూడదన్నారు పెద్దలు, నీకెందుకమ్మా అన్నారు. పదమూడేళ్ళ కూతురు మాత్రం తెరమీద ఆ వీలునామా చదివేసింది. ఇప్పుడు పుస్తకంలో ఏం రాయాలి, ఆ మహిళకు ఏమని జవాబివ్వాలి, అత్తగారికి ఎంత చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీకు దొరికిన నాలుగు విషయాలనూ మీరు ఒకే మూటగా కట్టి, ఇదంతా బయటపెడితే అత్తగారి గుండె పగులుతుందని భయపడుతున్నారు. మూట విప్పి చూస్తే అందులో రెండు అసలు భయపడవలసినవి కావు. ముందు వాటిని పక్కకు తీద్దాం.

పెళ్ళికి ముందు బిడ్డ పుట్టినట్టు కనిపించడం పంచాంగం చేసిన చిక్కు. 1752 వరకు ఇంగ్లండులోను, దాని వలసల్లోను అధికారికంగా సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న మారేది. మన సంవత్సరం ఉగాదికి మారితే దాని ముందరి ఫాల్గుణం పాత ఏటి లెక్కలోకే వెళ్ళినట్టు, ఆ రిజిస్టర్‌లో 1708 ఫిబ్రవరి అంటే 1708 ఏప్రిల్ తరువాత వచ్చిన ఫిబ్రవరి. ఇప్పటి లెక్కలో 1709. పెళ్ళయిన పదో నెలలో బిడ్డ పుట్టింది. జార్జి వాషింగ్టన్ కూడా పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11న పుట్టాడు. ఇప్పుడు మనం చెప్పుకునేది 1732 ఫిబ్రవరి 22. 1752లో సెప్టెంబరు 2 మరునాడే సెప్టెంబరు 14 అయింది కనుక ఆ పదకొండు రోజుల తేడా. పుస్తకంలో అలాంటి తేదీలను 1708/09 అని రెండు ఏళ్ళూ చూపిస్తూ రాయండి. ఈ ఒక్క సంగతినీ అత్తగారికి వెంటనే చెప్పేయవచ్చు; మూడు వందల ఏళ్ళ నాటి కోడలి పరువు నిలబెట్టినందుకు ఆమె సంతోషిస్తారు.

ఇక 1638 పట్టా. మూలపురుషుడు కూలి ఒప్పందం రాసిచ్చి వచ్చిన నౌకరు అని మీరు నిర్ణయించేసుకున్నారు. పట్టా అంత మాట చెప్పడం లేదు. 1618 నుంచి వర్జీనియాలో ఒక పద్ధతి ఉండేది: సముద్రం దాటి వచ్చిన ఒక్కో మనిషికి, అతని ప్రయాణ ఖర్చు భరించినవారు 50 ఎకరాల చొప్పున భూమి అడగవచ్చు. పట్టా తీసుకునేటప్పుడు ఆ మనుషుల పేర్లు కింద రాయించేవారు. అలాంటి జాబితాల్లో నౌకర్లతో పాటు భార్యాబిడ్డలు, బంధువులు, కొన్నిచోట్ల పట్టాదారు సొంత పేరు కూడా ఉంటాయి. ఆ హక్కును ఒకరినుంచి ఒకరు కొనుక్కునేవారు. మనిషి ఓడ దిగిన ఎన్నో ఏళ్ళకు పేరు పట్టాకెక్కిన సందర్భాలు, ఒకే మనిషి పేరు చూపించి ఇద్దరు భూమి తీసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ కాగితం చెప్పేది ఇంతే: ఆ పేరు గలవాడు 1638కో అంతకు ముందో వర్జీనియా వచ్చాడు, అతని రాక పేరుతో వేరొకరు భూమి తీసుకున్నారు. సొంత ఖర్చుతో వచ్చాడన్న పుస్తకపు మాటను అది బలహీనపరుస్తుంది. నౌకరు అన్న మీ మాటను నిరూపించదు. ఒకవేళ నౌకరే అయినా అందులో తలవంపు ఏముంది? ఆ శతాబ్దంలో ఛెసపీక్ ప్రాంతానికి వచ్చిన ఇంగ్లీషువారిలో సగానికి మించి సాధారణంగా నాలుగేళ్ళనుంచి ఏడేళ్ళ చాకిరీకి ఒప్పుకుని వచ్చినవారే.

మాటవరసకు మరొక సంగతి. అదే దశకపు పట్టాల్లో ఒకదానిలో ఈస్టిండియన్ (ఇండియా వైపునుంచి వచ్చినవాడు) అని రాసిన టోనీ అనే మనిషి పేరు ఉంది. పట్టా అతని ఊరు చెప్పదు. ఇంగ్లీషు వర్తకులు మాత్రం 1611 నుంచే మన మచిలీపట్నంలో కొఠీ పెట్టుకుని ఉన్నారు. వర్జీనియా తొలి పత్రాలతో బయటివాళ్ళకు ఏం పని అని మీ ఆడపడుచు మళ్ళీ అడిగితే పట్టాలోని ఆ పేరు చూపించండి.

మూడో విషయంలో మీ అనుమానం నూటికి నూరుపాళ్ళూ సరైనది. పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడే కాడు. పైగా ఆ రోజుల్లో సీనియర్, జూనియర్ అని రాస్తే తండ్రీకొడుకులని అర్థం చేసుకోకూడదు. ఒక ఊళ్ళో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. వాళ్ళు పినతండ్రీ అన్న కొడుకూ కావచ్చు, చుట్టరికమే లేనివారూ కావచ్చు. గ్లోస్టర్ కౌంటీ రికార్డులు 1820లో ఒకసారి కాలిపోయాయి. అంతర్యుద్ధ కాలంలో భద్రత కోసం రిచ్‌మండ్ పంపినవి 1865 ఏప్రిల్‌లో ఆ నగరం తగలబడినప్పుడు పోయాయి. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. గ్లోస్టర్‌ను 1651లో యార్క్ కౌంటీ నుంచి విడదీశారు, యార్క్ రికార్డులు 1633 నుంచి నిలిచి ఉన్నాయి. అబింగ్‌డన్, పెట్స్‌వర్త్, కింగ్‌స్టన్ పారిష్‌ల పుస్తకాలు మిగిలాయి. భూమి పట్టాలు, 1782 నుంచి ఏటేటా రాసిన ఆస్తి పన్ను జాబితాలు ప్రభుత్వం దగ్గర విడిగా ఉన్నందువల్ల దక్కాయి. 1790 నాటి మొదటి జనాభా లెక్కల్లో వర్జీనియా పత్రాలు మిగలలేదు కనుక ఆ లోటును ఈ పన్ను జాబితాలతోనే తీర్చుకోవాలి.

అయితే నేను మీ స్థానంలో ఉంటే గ్లోస్టర్ వైపు నుంచి కాక హాలిఫాక్స్ వైపు నుంచి వెతుకుతాను. హాలిఫాక్స్ 1752లో ఏర్పడింది, దాని రికార్డులు బాగా నిలిచాయి. కొత్తగా వచ్చినవాడు మొదటిసారి భూమి కొన్నప్పుడు దస్తావేజులో ఫలానా కౌంటీ వాస్తవ్యుడు అని రాయడం పరిపాటి. ఆ మొదటి దస్తావేజు చూశారా? మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. దానికి సాక్షి సంతకాలు చేసినవారెవరో, సరిహద్దు భూముల వారెవరో కూడా రాసుకోండి. ఆ కాలంలో ఇరుగుపొరుగు కుటుంబాలు కలిసి తరలిపోయేవి కనుక, వారిలో ఇద్దరు ముగ్గురు గ్లోస్టర్ పారిష్ పుస్తకంలో కనబడితే మీ పని సగం అయినట్టే. అలాగే వాటాల తగాదాల మీద ఛాన్సరీ కోర్టులో నడిచిన దావాల కాగితాలను లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సూచికలతో సహా అందుబాటులో ఉంచింది. అన్నదమ్ముల దావా ఒకటి దొరికితే మూడు తరాల చుట్టరికం ప్రమాణం చేసి చెప్పిన మాటల్లోనే వస్తుంది. కొట్లాడుకున్న కుటుంబాల చరిత్రే బాగా తెలుస్తుంది, సఖ్యంగా ఉన్నవారిది తెలియదు.

1912 పుస్తకాన్ని పూర్తిగా నమ్మవద్దు, పారేయవద్దు. ఆ కాలంలో అమెరికన్ ధనికులలో వంశచరిత్రల మోజు ఎక్కువగా ఉండేది. గుస్తావ్ అంజూ అనే వ్యక్తి డబ్బు తీసుకుని లేని పూర్వీకులను కల్పించి ఇవ్వడాన్నే వృత్తిగా పెట్టుకున్నాడు, అతను అల్లిన వంశవృక్షాలను నేటికీ జనం కాపీ చేసుకుంటున్నారు. మీ బంధువు అలాంటివాడని నేను అనడం లేదు. తన తాతల కాలం గురించి అతను రాసింది విన్నవారి దగ్గర విన్నది కావచ్చు, దానికి విలువ ఉంది. ఇంగ్లండు భూస్వామి గురించి రాసినదానికి ఆ విలువ లేదు. గోడమీది వంశచిహ్నం సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: ఇంగ్లీషు ఆచారంలో ఆ చిహ్నాన్ని ఒక వ్యక్తికి ఇస్తారు, అతని వారసులకు చెందుతుంది, ఆ ఇంటిపేరున్న వారందరికీ కాదు. దాన్ని గోడ దించమని ఎవరూ అడగడం లేదు, పుస్తకం అట్టమీదకు ఎక్కించకుండా ఉంటే చాలు.

ఇప్పుడు వీలునామా దగ్గరకు వద్దాం. మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు, ఇంట్లో ఎవరూ గమనించని విషయం ఒకటి కనిపించింది. హాలిఫాక్స్ పెద్దమనిషికి ఫలానావాడు కొడుకు అని చెప్పే ఏకైక పత్రం ఈ వీలునామాయే అని మీరే రాశారు. దేశంలో జనాభా లెక్కలు 1850 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని అంకెలుగా లెక్కపెట్టాయి. 1790లలో ఒక కొడుకు పేరు తండ్రితో కలిపి కనిపించాలంటే వీలునామా, దస్తావేజు, దావా తప్ప వేరే మార్గం దాదాపు లేదు. అంటే మీ ఆడపడుచు ఆ సంస్థకు దరఖాస్తు పెట్టాలంటే జతచేయవలసిన కాగితం ఇదే. కొడుకు పేరున్న వాక్యంలోనే, అతనికి దక్కిన స్త్రీ పేరు, ఆమెకు ఇకముందు కలిగే సంతానం కూడా అతనికే అన్న మాట, ఆ పక్కనే ఒక ఈకల పరుపు, రెండు ఆవులు ఉన్నాయని మీరు రాశారు. ఆ వాక్యంలో సగాన్ని వంశానికి రుజువుగా వాడుకుని మిగతా సగాన్ని చూడనట్టు ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. దీన్ని మీరు ఎక్కడినుంచో తవ్వి తెచ్చారని ఆడపడుచు అనుకుంటున్నది. ఏ దరఖాస్తుకైనా మొదట తీయవలసిన కాగితాన్నే మీరు తీశారు.

ఆమెకు ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ సభ్యత్వానికి విప్లవ కాలంలో సేవ చేసిన పూర్వీకుడు కావాలి, 1638 నాటివాడు అక్కరలేదు. గ్లోస్టర్, హాలిఫాక్స్‌ల మధ్య ఉన్న ఖాళీ ఆమె దరఖాస్తును తాకదు. హాలిఫాక్స్ మనిషి తుపాకీ పట్టకపోయినా, సైన్యానికి ధాన్యమో మాంసమో ఇచ్చి దానికి సొమ్ము కోరిన దాఖలా వర్జీనియా ప్రభుత్వ సేవల క్లెయిముల పత్రాల్లో ఉంటే దాన్ని కూడా ఆ సంస్థ సేవగా లెక్కిస్తుంది. ఈ వెతుకులాటలో మీరు ఆమెకు సాయపడితే, పూర్వీకుల సంగతి మీకెందుకన్న మాట మళ్ళీ రాకపోవచ్చు. 1700కు ముందు వచ్చినవారి వారసుల సంఘాల్లో చేరాలనుకుంటే మాత్రం ఆ ఖాళీ పూడాలి.

సందేశం పంపిన మహిళ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, భర్త కోరినట్టు మౌనంగా ఉండటం. దానివల్ల ఇంట్లో ఈ వేసవి ప్రశాంతంగా గడుస్తుంది. కాని వీలునామా కోర్టు పుస్తకంలో ఉన్న బహిరంగ పత్రం. ఆమె నేడో రేపో దాన్ని స్వయంగా చూస్తారు, అప్పటికే మీ దగ్గర ఉందని తెలుసుకుంటారు. ఆ తరువాత మాట కలపడం కష్టం. రెండోది, అన్నీ ఒకేసారి పంపి, చుట్టరికాన్ని ఒప్పుకుంటూ ఉత్తరం రాయడం. దీనిలో ఉదారత ఉంది, తొందరపాటు కూడా ఉంది. 38 సెంటిమోర్గాన్లు ఐదారు తరాల వెనుకటి ఉమ్మడి పూర్వీకుడిని సూచించవచ్చు, ఇంకా దూరాన్నీ సూచించవచ్చు. మీ భర్తకు తండ్రివైపు నుంచి వచ్చిందో తల్లివైపు నుంచి వచ్చిందో కూడా ఆ అంకె చెప్పదు. ఫలానావాడే మీ పూర్వీకుడు అని చెప్పి, తరువాత కాదని తేలితే అది ఆమెకు రెండోసారి జరిగే అన్యాయం. మూడోది, పత్రాన్ని, చుట్టరికాన్ని వేరు చేయడం. పత్రం గురించి ఇప్పుడే చెప్పండి, కాపీ పంపండి, కోర్టు పుస్తకం సంఖ్య, పేజీ రాయండి. చుట్టరికం గురించి ఇంకా తేలలేదని, తేల్చడానికి ప్రయత్నిస్తామని రాయండి.

నా మొగ్గు మూడోదాని వైపే. కారణం ఏమిటంటే, ఆమె అడిగినది చాలా చిన్నది, ఆమెకు అది దొరకడం చాలా కష్టం. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను విడి జాబితాలో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు, పేర్లు దాదాపు లేవు. విముక్తులైనవారందరి పేర్లూ జనాభా లెక్కలకు ఎక్కింది 1870లోనే. అంతకు వెనక్కి వెళ్ళాలంటే వారికి సొంత పత్రాలు లేవు. యజమాని కుటుంబపు వీలునామాలు, ఆస్తి మదింపు జాబితాలు, వాటాల పంపకాలు, దావాలే వారి పత్రాలు. మీ అత్తగారి అటకమీద ఉన్న పెట్టె మీకు జ్ఞాపకాల పెట్టె కావచ్చు, వారికి అది జనన మరణాల రిజిస్టర్. వీలైతే మరో రెండు ఆచూకీలు కూడా ఆమెకు రాయండి. 1853 నుంచి వర్జీనియాలో రాసిన జననాల రిజిస్టర్లలో బానిసల పిల్లల పుట్టుకలు యజమాని పేరుతో నమోదయ్యాయి. 1866లో, అప్పటికే కాపురం చేస్తున్న విముక్త దంపతుల వివాహాలను గుర్తించడానికి తయారైన రిజిస్టర్లలో వారి చివరి యజమాని పేరు ఉంటుంది. అవి కొన్ని కౌంటీలవే మిగిలాయి.

చుట్టరికం నిజమని తేలితే అది ఎలా జరిగిందన్న ప్రశ్న మీ కూతురు అడగక మానదు. 1662లో వర్జీనియా శాసనసభ, బిడ్డ స్వతంత్రమో బానిసత్వమో తల్లి స్థితిని బట్టే ఉంటుందని చట్టం చేసింది. దానివల్ల యజమానికి బానిస స్త్రీ ద్వారా కలిగిన బిడ్డ అతని ఆస్తి అయింది. ఆ స్త్రీకి కాదనే హక్కు లేదు. పదమూడేళ్ళ పిల్లకు ఇంతవరకు, ఇంత సూటిగా చెప్పవచ్చు. వీలునామా ఎలాగూ చదివేసింది కనుక, చెప్పకపోతే తనంతట తాను ఊహించుకుంటుంది. ఆ కథలో ప్రేమను కల్పించవద్దు, ఏ ఒక్కరి పేరునూ నిందితుడిగా చూపించవద్దు. ఆ కాగితాలు ఆ వివరం చెప్పవు.

మీ భర్త మాట మీద కొంచెం నిలబడి ఆలోచించాలి. డీఎన్ఏ ఆయనది. ఆయన పేరుమీద వచ్చిన సందేశానికి, ఆయనకు తెలియకుండా ఆయన ఖాతానుంచి మీరు జవాబివ్వడం మంచిది కాదు. వీలునామా మాత్రం ఎవరి సొంతమూ కాదు. నేను నా పేరుతో, వంశచరిత్ర తయారుచేస్తున్న కోడలిగా, కాగితం కాపీ పంపుతాను, చుట్టరికం గురించి మీరు సిద్ధపడ్డాక మీరే రాయండి అని ఆయనతో చెప్పి చూడండి. తల్లి బాధపడుతుందన్నది ఆయన భయం. తల్లి బాధపడుతుందని ఆమెను అడగకుండానే నిర్ణయించడం కూడా ఆమెకు చేసే మర్యాద కాదు.

అత్తగారి గురించి మీరు ఒక వాక్యం రాసి దాటేశారు: ఆమె కూడా ఇంకో రాష్ట్రం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినవారే. ఈ వంశం రక్తసంబంధంగా ఆమెది కాదు. యాభై ఏళ్ళకు పైగా ఆ పెట్టెను, ఆ పుస్తకాన్ని కాపాడింది మాత్రం ఆమే. ఆ బాధ్యతను కన్నకూతురికి కాక మీకు ఎందుకు అప్పగించారో ఆలోచించండి. మొదట పంచాంగం సంగతి చెప్పండి, తరువాత పట్టా, తరువాత కాలిపోయిన రికార్డులు, ఆఖరున వీలునామా. ఒకే సాయంత్రం నాలుగూ చెప్పవద్దు. వీలునామాను మీరు చదివి వినిపించకుండా ఆమె చేతికి ఇచ్చి చదవనివ్వండి. ఆమెకు ఈ సంగతి ముందే తెలిసి ఉండే అవకాశం తక్కువేమీ కాదు. అలాంటి ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలిసి, ఎవరూ అడగనందువల్ల చెప్పనివి చాలా ఉంటాయి. అలా కాక ఆమె కోపగించుకుని పుస్తకం పని మీ చేతిలోంచి తీసేసుకున్నా, మీరు రాసుకున్న నోట్సు, కాపీలు ఎక్కడికీ పోవు.

పుస్తకం సంగతికొస్తే, 1912 కథను ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చు వేస్తే సభలో అందరూ సంతోషిస్తారు. కాని మీ పేరుతో అచ్చయినది రేపు ఇంటర్నెట్‌లో వంద వంశవృక్షాలకు ఆధారం అవుతుంది, దాన్ని వెనక్కి తీసుకోలేరు. రుజువైనది మాత్రమే వేసి, మూలపురుషుడిని పూర్తిగా తీసేస్తే అది పరిశోధనగా శుభ్రంగా ఉంటుంది, బంధువుల దృష్టిలో మాత్రం వందేళ్ళుగా చెప్పుకున్న కథను కోడలు కొట్టేసినట్టవుతుంది. మధ్యేమార్గం ఒకటుంది. పుస్తకాన్ని హాలిఫాక్స్ మనిషితో మొదలుపెట్టి, ప్రతి తరానికీ కింద పత్రం చూపిస్తూ ఇప్పటివరకు తీసుకురండి. వీలునామా ప్రతిని, అందులోని అందరి పేర్లతో, వెయ్యండి. గ్లోస్టర్ కథను చివర ఒక అనుబంధంగా, 1912 పుస్తకం ఇలా చెబుతున్నది, ఇంతవరకు దొరికిన పత్రాలు ఇవి, దొరకనివి ఇవి అని ఇవ్వండి. దీనివల్ల పుస్తకం పలచబడుతుంది, మూలపురుషుడు మొదటి పేజీనుంచి చివరకు వెళ్ళినందుకు కొందరు నొచ్చుకుంటారు. మీ మీద పడే మాటలు తక్కువేమీ ఉండవు గాని, వాటికి జవాబు పుస్తకంలోనే ఉంటుంది. బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, చిరునామాలు, డీఎన్ఏ వివరాలు ఏ పరిస్థితిలోనూ వేయవద్దు. ఆ మహిళ పేరు ఆమె అనుమతి లేకుండా అసలే వద్దు.

చివరిగా, అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని. మామగారి అన్నగారు ఇంకా ఉన్నారని, ఆయనకు ఎనభై నాలుగని రాశారు. తండ్రినుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోమ్ పరీక్ష మీ భర్తకు చేసినా ఆయనకు చేసినా ఒకటే. గ్లోస్టర్‌లో ఆ పేరున్న ఇద్దరి వారసులమని చెప్పుకునే మగవారితో పోలిస్తే, ఏ కుటుంబం వైపు మొగ్గుతుందో అది తేల్చగలదు. మామూలు డీఎన్ఏ పరీక్ష వేరు. అందులో చూసే డీఎన్ఏ తరానికి సగం చొప్పున తరిగిపోతుంది, పది తరాల వెనక ఉన్న 1,024 మందిలో చాలామంది నుంచి మీ భర్తకు ఒక్క ముక్క కూడా వచ్చి ఉండకపోవచ్చు. పెదమామగారు ఒక తరం ముందున్నవారు, పైగా మీ అత్తగారి రక్తం కలవనివారు. సందేశం పంపిన మహిళతో ఆయనకు 38 కంటే ఎక్కువ కలిస్తే సంబంధం ఆయన వైపుదే. ఏమీ కలవకపోతే అది మీ అత్తగారి పుట్టింటి వైపుది కావచ్చు, అప్పుడు వీలునామాకు ఆ మహిళతో రక్తసంబంధం లేకపోయినా కాగితంగా దాని అవసరం అలాగే ఉంటుంది. పరీక్ష ఎందుకో, ఏం బయటపడవచ్చో ముందే ఆయనకు వివరంగా చెప్పి, ఒప్పుకుంటేనే చేయించండి. ఒప్పుకోకపోతే బలవంతపెట్టకుండా, హాలిఫాక్స్ భూముల గురించి ఆయన చిన్నప్పుడు విన్నవి రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగండి.